రాజుతో గొడవపడుతూనే రాజ్యం కట్టిన కౌంట్ కవూర్

పాతకాగితాలు:

ఇటలీ ఏకీకరణ అనగానే మన పాఠ్యపుస్తకాల్లో మూడు పేర్లు వరసగా వస్తాయి. మాజినీ, గరిబాల్డీ, కవూర్. మొదటి ఇద్దరి గురించి మనవాళ్లు స్వాతంత్ర్యోద్యమం రోజుల నుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు, లాలా లజపతి రాయ్ ఆ ఇద్దరి జీవితచరిత్రలూ రాశాడు. మూడోవాడు మాత్రం పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయాడు. యుద్ధంలో తుపాకీ పట్టలేదు, జైలుకి వెళ్లలేదు, కళ్లజోడు పెట్టుకున్న లావుపాటి మనిషి. పోస్టరుకి పనికొచ్చే ముఖం కాదు.

కమిల్లో బెన్సో, కౌంట్ ఆఫ్ కవూర్ 1810 ఆగస్టు 10న టూరిన్‌లో పుట్టాడు. అప్పటికి ఆ ఊరు నెపోలియన్ పాలనలో ఉంది. జ్ఞానస్నానం నాడు నెపోలియన్ చెల్లెలు పౌలీనే అతనికి జ్ఞానమాత. ఆమె భర్త కమిల్లో బోర్గెసే పేరే పిల్లాడికి పెట్టారు. తండ్రి మార్క్విస్ మికేలే తర్వాత టూరిన్ నగర పోలీసు అధిపతి అయ్యాడు. తల్లి జెనీవా నుంచి వచ్చిన ఇంటి ఆడపడుచు. మార్క్విస్ బిరుదు అన్న గుస్తావోకి పోతుంది కాబట్టి రెండోవాడు కౌంట్ దగ్గరే ఆగిపోయాడు.

పదేళ్లకు సైనిక పాఠశాల. అక్కడ ఉండగానే, టూరిన్ రాజధానిగా ఉన్న పీడ్‌మాంట్ రాజ్యపు యువరాజు కార్లో అల్బెర్టో దగ్గర పేజీ కొలువు, అంటే వెన్నంటి ఉండే పరిచారక కుర్రాడి పని. పెద్దింటి పిల్లలకు అది గొప్ప గౌరవం. మనవాడు ఆ దుస్తుల్ని నౌకరు వేషమని చీదరించుకున్నాడు, 1826లో ఆ కొలువు పోయింది. సైన్యంలో ఇంజినీరుగా కొన్నాళ్లు కోటల చుట్టూ తిరిగి 1831లో అదీ వదిలేశాడు.

రాజుగారి మంత్రిగా, సలహాదారుగా చరిత్రకెక్కినవాడి దర్బారు ఉద్యోగం అలా ముగిసింది. నా ప్రశ్న ఇదే: ఇతను అసలు రాజు మనిషేనా? తెలిసినవాళ్లు చెప్పండి, నేనూ మధ్యమధ్యలో రాస్తుంటాను.

బెజవాడ_బాబ్జీ:

సార్, నాదో సందేహం. వెయ్యిమందితో పడవలెక్కి వెళ్లి దక్షిణ ఇటలీని గెలిచింది గరిబాల్డీ. తర్వాత వచ్చి దాన్ని రాజు చేతిలో పెట్టించుకుంది కవూర్. కష్టం ఒకరిది, క్రెడిట్ ఇంకొకరిది. జమీందారు కొడుక్కి దేశభక్తి ఎందుకు పుడుతుంది, లెక్క కుదిరితేనే కదా?

గట్టుమీద_గోపి:

బాబ్జీ గారు, జమీందారు కొడుకు అని తీసిపారేయకండి. ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన భాగం వ్యవసాయమే. వెర్చెల్లి దగ్గర లేరి అనే ఎస్టేటు వాళ్ల నాన్న 1822లో కొన్నాడు. పైన చెప్పిన బోర్గెసే గారి భూమే అది. 1835 నుంచి దాన్ని నడిపింది కవూర్. మొత్తం వరి. మా కోనసీమలో లాగే నీళ్లు నిలబెట్టిన మళ్లు. కలుపు తీయడానికి వంగి పనిచేసే ఆడకూలీలు ఉండేవారు, వాళ్లని అక్కడ మొండీనే అంటారు.

పెద్దమనిషి గుర్రం మీద వచ్చి చూసి పోయే రకం కాదు. తెల్లవారకముందే లేచి పొలం మీద పడేవాడు. దక్షిణ అమెరికా నుంచి గ్వానో ఎరువు తెప్పించి వేశాడు, కొత్త యంత్రాలు, కొత్త పశువులు ప్రయత్నించాడు. గ్రిన్‌జానే అనే చిన్న ఊరికి 1832 నుంచి 1849 దాకా మేయరు కూడా. అక్కడ ద్రాక్షతోటలు. బరోలో వైన్ ఈనాటి రూపానికి రావడంలో ఆయన పేరు కూడా చెబుతారు, ఆ విషయంలో వైన్ ప్రియుల మధ్య గొడవలున్నాయి, నేను దిగను.

అసలు సంగతి నీళ్లు. పీడ్‌మాంట్‌లో ప్రభుత్వ కాలువల్ని కాంట్రాక్టర్లకి ఇచ్చేవారు. రైతు దగ్గర వాళ్లు గుంజుకున్నంత గుంజుకునేవారు. 1853లో కవూర్ ఆ కాలువల్ని రైతుల సంఘానికే లీజుకి ఇప్పించాడు. సెసియా నదికి పడమటి ఆయకట్టు రైతులు 3,500 మంది ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఆ సంఘం ఇవాళ్టికీ ఉంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది 1997లో. తేడా మీరే చూసుకోండి.

ఇంకోటి. ఆ కాలువల్ని చూడటానికి ఈస్టిండియా కంపెనీ తన ఇంజినీరు రిచర్డ్ బేర్డ్ స్మిత్‌ని ఇటలీ పంపింది. 1852లో ఆయన పుస్తకం వచ్చింది, సరిగ్గా మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడాదే. 1856లో అదే బేర్డ్ స్మిత్ కావేరి, కృష్ణా, గోదావరి పనుల మీద ఇంకో నివేదిక ప్రచురించాడు. అంటే కవూర్ పొలం పక్క కాలువలూ మన కాటన్ దొర కాలువలూ ఒకే మనిషి నోటుపుస్తకంలోకి ఎక్కాయి.

లెక్కల_మాస్టారు:

గోపీ, మంచి సమాచారం అబ్బాయి. కానీ ఆయన జూదగాడని కూడా చెప్పాలి. పేకాట, అందులోనూ విస్ట్ అంటే ప్రాణం, టూరిన్‌లో 1841లో దాని పేరుతోనే క్లబ్బు పెట్టాడు. 1840లో యూరప్‌లో యుద్ధం వస్తుందని పందెం వేసి పారిస్ స్టాక్ మార్కెట్లో పోగొట్టుకున్నాడు. యుద్ధం రాలేదు. తండ్రి అప్పు తీర్చాడు. ఈ మాట పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ, 1859లో యుద్ధం వస్తుందని రాజ్యాన్నే పందెం కాసింది ఇదే మనిషి అని మర్చిపోకూడదు.

టొరినో_స్టూడెంట్:

నేను ఇక్కడే టూరిన్‌లో చదువుతున్నాను, మనవాళ్లు యూనివర్సిటీలో బాగానే ఉన్నారు. కవూర్ పేరు లేని వీధి ఉన్న ఇటలీ ఊరు దొరకడం కష్టం. తమాషా ఏమిటంటే ఆయనకి ఇటాలియన్ సరిగ్గా వచ్చేది కాదు. ఇంట్లో ఫ్రెంచి, బయట పీడ్‌మాంట్ యాస. పార్లమెంటులో ఇటాలియన్‌లో మాట్లాడటానికి తంటాలు పడేవాడు.

పార్లమెంటు కూర్చున్న కరిన్యానో ప్యాలెస్ ఎదురుగానే డెల్ కాంబియో అనే రెస్టారెంటు ఉంది. ఆయన రోజూ అక్కడే తినేవాడట, కిటికీలోంచి పార్లమెంటు ద్వారం కనబడే టేబుల్ దగ్గర. ఇప్పటికీ ఆ మూల చూపిస్తారు. నేను బయటి నుంచి మెనూ చూసి వచ్చేశాను.

పాతకాగితాలు:

మాస్టారు గారు పందెం అనే మాట ఎత్తారు కాబట్టి రాజకీయాల్లోకి వస్తాను.

1847 డిసెంబరులో సెజారే బాల్బోతో కలిసి 'ఇల్ రిసార్జిమెంతో' పత్రిక పెట్టాడు. 1848 మార్చిలో కార్లో అల్బెర్టో (ఆనాటి యువరాజు, అప్పటికి రాజు) రాజ్యాంగం ఇచ్చాడు. అదే నెలలో, ఉత్తర ఇటలీలో లొంబార్డీ, వెనిస్‌లను ఏలుతున్న ఆస్ట్రియా మీద యుద్ధం మొదలైంది. మే 30న గోయితో దగ్గర అన్న కొడుకు అగుస్తో చనిపోయాడు. పెళ్లి చేసుకోని కవూర్‌కి ఆ పిల్లాడంటే ప్రాణం. నెత్తుటి మరకలున్న ఆ యూనిఫాం చివరిదాకా తన గదిలోనే పెట్టుకున్నాడు. లెక్క కుదిరితేనే దేశభక్తి అన్న బాబ్జీ గారికి ఈ ఒక్కటీ చెప్పాలనిపించింది.

యుద్ధం ఓడిపోయారు. 1849లో రాజు గద్దె దిగి కొడుకు విక్టర్ ఇమ్మాన్యుయేల్‌కి అప్పజెప్పాడు. 1850 ఆగస్టులో వ్యవసాయ మంత్రి పియెత్రో ది శాంతారోజా మరణశయ్య మీద ఉంటే, చర్చి హక్కులు తగ్గించే చట్టాల్ని సమర్థించాడని మతగురువులు ఆయనకు చావుకి ముందు చేయాల్సిన మతవిధులు జరపలేదు. ఊరంతా మండిపడింది. ఖాళీ అయిన ఆ కుర్చీలోకి అక్టోబరులో కవూర్ వచ్చాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆయన చావు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మంత్రిగా తీసుకోమని ప్రధాని దజెల్యో అడిగినప్పుడు రాజు నవ్వుతూ, ఇతను మీ అందరి శాఖలూ లాక్కుంటాడు చూసుకోండి అన్నాడట. అక్షరాలా అంతే జరిగింది. 1851లో ఆర్థిక శాఖ కూడా వచ్చింది. 1852లో రాజుకీ ప్రధానికీ చెప్పకుండా ప్రతిపక్షంలోని రత్తాజీతో చేతులు కలిపాడు. అటు ఛాందసులూ ఇటు అతివాదులూ అక్కర్లేని మెజారిటీ కట్టాడు. ఆ ఏడాది నవంబరు 4న ప్రధాని అయ్యాడు, 42 ఏళ్లకి.

వాణి_వరంగల్:

నేను రాజు వైపు నుంచి రాస్తాను. మీరంతా కవూర్‌ని సలహాదారు అంటున్నారు. నాకైతే ఆ ఇద్దరూ ఒకరినొకరు భరించలేకపోయారనిపిస్తుంది.

రాజు వేటగాడు, సైనికుడు, పుస్తకాలంటే పడదు. అతనికి రోసా వెర్చెల్లానా అనే సైనికుడి కూతురితో సంబంధం ఉండేది. రాణి పోయాక ఆమెను పెళ్లి చేసుకుంటానంటే కవూర్ అడ్డం పడ్డాడు. ఆ కోపం రాజు జన్మలో మర్చిపోలేదు.

1855 చూడండి. మఠాల ఆస్తుల మీద కవూర్ చట్టం తెచ్చాడు. అదే సమయంలో జనవరి, ఫిబ్రవరిల్లో రాజు తల్లి, భార్య, తమ్ముడు వరసగా చనిపోయారు. ఇది దేవుడి శిక్షే అని మతగురువులు చెవిలో ఊదారు. అంతకుముందే డాన్ బోస్కో రాజభవనంలో పెద్ద చావులు జరుగుతాయని హెచ్చరించాడు కూడా. రాజు వణికిపోయాడు. బిషప్ కలబియానా వచ్చి, చట్టం వదిలేస్తే మీకు కావలసిన సొమ్ము మేమే కడతాం అంటే రాజుకి ప్రాణం లేచొచ్చింది. కవూర్ వెంటనే రాజీనామా ఇచ్చాడు. వారం తిరిగేసరికి ఇంకెవరూ ప్రభుత్వం నడపలేరని రాజుకి అర్థమైంది. కవూర్ తిరిగొచ్చాడు, మే నెలాఖరుకి చట్టం మీద రాజు సంతకం పడింది.

రాజుని పార్లమెంటు లేకుండా ఒక్క అడుగు వేయలేని స్థితికి తెచ్చాడు కవూర్. ఇంతకంటే పెద్ద సలహా ఏముంటుంది?

అయితే నాకు ఎక్కనిది క్లోటిల్డే పెళ్లి. రాజు కూతురు, 15 ఏళ్లు. ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ III దాయాది జెరోమ్‌కి 36, తిరుగుబోతు. ఫ్రాన్స్ సైన్యం కావాలంటే ఈ సంబంధం ఖాయం చేయాలి. రాజు తటపటాయిస్తే కవూర్ పేజీలకు పేజీలు ఉత్తరం రాసి ఒప్పించాడు. 1859 జనవరి 30న పెళ్లయింది. దేశం కోసమే అంటారు, సరే. ఆ పిల్లను అడిగారని కూడా అంటారు. 15 ఏళ్ల పిల్లను ఏమని అడుగుతారు?

బెజవాడ_బాబ్జీ:

వాణి అక్కా, అదీ మాట. నేనన్నది కూడా ఇదే కదా, వీళ్లకి అన్నీ బేరాలే. తన బంధువు కౌంటెస్ కాస్టిల్యోనెని పారిస్ దర్బారుకి పంపి చక్రవర్తిని ఆకట్టుకోమన్నది కూడా ఈయనే.

పాతకాగితాలు:

బేరాలే, కాదనను. చిన్న రాజ్యం, జనాభా 50 లక్షలు. ఎదురుగా ఆస్ట్రియా సామ్రాజ్యం. బేరమాడకుండా ఏం చేస్తాడు?

క్రిమియా యుద్ధంతో పీడ్‌మాంట్‌కి ఏ సంబంధమూ లేదు. అయినా 1855లో 15 వేల మందికి పైగా సైనికుల్ని పంపారు. తూటాల కంటే కలరాకే ఎక్కువమంది పోయారు. ఆ ఖర్చుకి దక్కింది ఏమిటంటే, 1856 పారిస్ మహాసభలో పెద్ద దేశాల పక్కన ఒక కుర్చీ, అక్కడ ఇటలీ బాధలు వినిపించే అవకాశం. 1858 జులైలో ప్లోంబియేర్ అనే వేడినీటి బుగ్గల ఊళ్లో నెపోలియన్ IIIతో రహస్యంగా కలిశాడు. ఇద్దరూ గుర్రపు బండిలో అడవిలో తిరుగుతూ, యుద్ధానికి సాకు ఎక్కడ దొరుకుతుందా అని మ్యాపు వెతికారు. ఆస్ట్రియాని తరిమితే పీడ్‌మాంట్ రాజ్యంలోని సావోయ్, నీస్ ఫ్రాన్స్‌కి.

మాస్టారు చెప్పిన పందెం ఇక్కడ. 1859 ఏప్రిల్ 19న, ఆయుధాలు దించమని పెద్ద దేశాలు చెప్పినదానికి ఫ్రాన్స్ కూడా తల ఊపింది. ఒప్పుకోమని పారిస్ నుంచి టెలిగ్రాం. అంతా అయిపోయిందనుకున్నాడు కవూర్. గది తలుపు వేసుకుని కాగితాలు తగలబెట్టడం మొదలుపెట్టాడు. ప్రాణం తీసుకుంటాడేమోనని భయపడి స్నేహితుడు కాస్తెల్లి లోపలికి వెళ్లి, అడిగి మాట తీసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆస్ట్రియానే తొందరపడి అల్టిమేటం ఇచ్చింది. కవూర్‌కి కావలసిందీ అదే, దాడి చేసింది ఆస్ట్రియా అయితేనే ఫ్రాన్స్ రావాలి.

మజెంటా, సోల్ఫెరీనో యుద్ధాలు గెలిచారు. జులై 11న నెపోలియన్ III చెప్పాపెట్టకుండా విల్లాఫ్రాంకాలో ఆస్ట్రియాతో సంధి చేసుకున్నాడు. లొంబార్డీ మాత్రమే, వెనిస్ లేదు. రాజు ఒప్పుకున్నాడు. కవూర్ ఉడుకు ఎండలో పరుగెత్తుకెళ్లి రాజు మీద విరుచుకుపడ్డాడు. ఇటలీ ప్రజలకు తెలిసిన అసలు రాజుని నేనే అన్నాడట. రాజు పీడ్‌మాంట్ యాసలో ఒక తిట్టు తిట్టాడట, ఇక్కడ రాస్తే మోడరేటర్ గారు తీసేస్తారు. ఆ రాత్రే రాజీనామా. తర్వాత లేరి పొలానికి చేరాడు, 1860 జనవరిలో మళ్లీ పిలిచేదాకా.

లెక్కల_మాస్టారు:

ఖర్చుల సంగతి ఎవరూ రాయరు, నేనే రాస్తాను. టూరిన్ నుంచి జెనోవాకి రైలు 1853 చివరికి పూర్తయింది, కొండలు తొలిచి. 1859కి పీడ్‌మాంట్‌లో 800 కి.మీ.లకు పైనే పట్టాలు. ఆల్ప్స్ కింద ఫ్రేజుస్ సొరంగం 1857లో మొదలైంది, 1871లో తెరిచారు, ఆయన చూడలేదు. ఇదంతా అప్పు. పన్నులూ పెంచాడు. 1853 అక్టోబరులో రొట్టె ధర పెరిగితే, ధాన్యం దాచాడని జనం ఆయన ఇంటి మీదకి వచ్చారు. పిండిమిల్లు కంపెనీలో ఆయనకి వాటా ఉండేది మరి. అప్పు చేసి పట్టాలు వేసినవాడిని మెచ్చుకునేటప్పుడు కట్టినవాళ్లని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బెజవాడ_బాబ్జీ:

ఇప్పుడు నా గరిబాల్డీ దగ్గరికి రండి. ఆయన పుట్టింది నీస్‌లో. 1860 మార్చి 24న ఆ నీస్‌నే కవూర్ ఫ్రాన్స్‌కి రాసిచ్చాడు. సొంత ఊళ్లో నన్ను పరాయివాణ్ణి చేశాడని గరిబాల్డీ చచ్చేదాకా అన్నాడు. అయినా మే 5 రాత్రి జెనోవా పక్కన క్వార్తోలో పడవెక్కాడు, విక్టర్ ఇమ్మాన్యుయేల్ పేరు మీదే సిసిలీ గెలిచాడు. అప్పటిదాకా ఆపలేక, సాయం చేయలేక చూస్తూ కూర్చున్న కవూర్, గెలిచాక సెప్టెంబరులో సైన్యాన్ని పంపాడు. ఎక్కడికి? మధ్య ఇటలీలో పోపు ఏలుతున్న భూముల మీదుగా, గరిబాల్డీ రోమ్ చేరకముందే దారి కాయడానికి. ఎవడి కష్టం ఎవడి నోట్లో?

పాతకాగితాలు:

రోమ్ మీదకి గరిబాల్డీ వెళ్లి ఉంటే అక్కడున్న ఫ్రెంచి దండుతో తలపడాలి. అప్పుడు గెలిచినదంతా పోయేది. ఇక్కడ కూడా రాజు ఆట వేరు. జులైలో ఒకే మనిషి చేతికి రెండు ఉత్తరాలిచ్చి గరిబాల్డీ దగ్గరికి పంపాడు. సముద్రం దాటి నేపుల్స్ వైపు రావద్దని ఒకటి, రాజు మాట వినలేనని జవాబివ్వమని రెండోది. మంత్రి వెనక రాజు ఇంకో రాజకీయం నడిపేవాడు.

వాణి_వరంగల్:

దక్షిణం విషయంలో నేను బాబ్జీ వైపే. కవూర్ పారిస్ ఎరుగును, లండన్ ఎరుగును, ఇంగ్లండ్ పిచ్చి ఎక్కువని టూరిన్‌లో మిలార్డ్ అని ఎగతాళి చేసేవారు. కానీ టస్కనీ దాటి కిందికి ఎన్నడూ వెళ్లలేదు. నేపుల్స్ చూడలేదు, సిసిలీ చూడలేదు. పీడ్‌మాంట్ చట్టాలూ, పన్నులూ, అధికారులూ అలాగే దక్షిణానికి దిగాయి. 1861 మార్చి 17న ఇటలీ రాజ్యం ప్రకటించినప్పుడు కొత్త దేశపు మొదటి రాజు తనని తాను విక్టర్ ఇమ్మాన్యుయేల్ II అనే పిలిపించుకున్నాడు. పాత వరస అంకె మార్చలేదు. మిమ్మల్ని కలుపుకున్నాం, మేం మారలేదు అన్నట్టే కదా?

ఏప్రిల్ 18న గరిబాల్డీ తన ఎర్రచొక్కాతోనే పార్లమెంటుకి వచ్చి, అన్నదమ్ముల మధ్య యుద్ధం పెట్టబోయావని కవూర్ మొహం మీదే అన్నాడు. సభ అల్లకల్లోలం. తన వాలంటీర్లని సైన్యంలో కలుపుకోలేదన్నది ఆయన బాధ. రాజే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేశాడు, పైపైన.

డ్యూటీ_డాక్టర్:

థ్రెడ్ మొత్తం చదివాను. కవూర్ చివరి వారం గురించి వైద్యపరంగా రాస్తాను. మే 29న జ్వరం, వణుకు, వాంతులు. తగ్గడం, మళ్లీ రావడం. ఇలా వచ్చిపోయే జ్వరాలు ఆయనకి ముందునుంచీ ఉన్నాయి. మలేరియా అనే ఎక్కువమంది అభిప్రాయం. ఆధారం గోపి గారు చెప్పిన ఆ వరిమళ్లే. దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు, రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో ఆ క్రిమిని చూసింది 1897లో. టూరిన్ డాక్టర్లు పదేపదే రక్తం తీశారు. జ్వరంతో నీరసించినవాడికి రక్తం తీయడం అంటే ఇవాళ తల తిరుగుతుంది, అప్పట్లో అదే పద్ధతి. జూన్ 5న రాజు వచ్చి చూశాడు. 6న పొద్దున్నే పోయాడు. యాభై ఏళ్లు. ఇటలీ అనే దేశానికి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు.

టొరినో_స్టూడెంట్:

సూపెర్గా కొండమీద రాజవంశం సమాధుల పక్కనే చోటిస్తానన్నాడు రాజు. తనవాళ్ల దగ్గరే ఉంచమని ఆయన కోరిక కాబట్టి ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. ఇక్కడికి దగ్గర్లోనే శాంతెనాలో ఉంది, ఆ మేనల్లుడి సమాధి కూడా అక్కడే.

గట్టుమీద_గోపి:

మేనల్లుడు కాదు తమ్ముడూ, అన్న కొడుకు. మన వరసలో కొడుకే అవుతాడు. లేరి ఎలా ఉంది ఇప్పుడు? కవూర్ పేరుతో ఉన్న పెద్ద కాలువ చూశావా? ఆయన పోయాక 1863లో మొదలుపెట్టి 1866కల్లా పూర్తిచేశారు. పో నది నుంచి టిచీనో దాకా ఎనభై కి.మీ. పైనే.

టొరినో_స్టూడెంట్:

కివాస్సో దగ్గర కాలువ మొదలయ్యే చోటు చూశాను అన్నా, ఇప్పటికీ నీళ్లు పారుతున్నాయి. లేరిలో మాత్రం ఎవరూ ఉండటం లేదు. ఊరంతా పాడుబడింది. పక్కనే కరెంటు ప్లాంటు.

బెజవాడ_బాబ్జీ:

పాతకాగితాలు గారూ, శాంతారోజా సంగతి చావు దగ్గర పనికొస్తుందన్నారు, చెప్పలేదు.

పాతకాగితాలు:

చెప్తాను. చర్చి ఆస్తులూ, పోపు భూములూ తీసుకున్నవాళ్లని పోపు వెలివేశాడు, అందులో కవూర్ కూడా లెక్కే. శాంతారోజాకి పట్టిన గతి కళ్లారా చూశాడు కాబట్టి, నాకు అలా చేయవు కదా అని కొన్నేళ్ల ముందే తమ పేటలోని ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఫ్రా జాకోమో దగ్గర మాట తీసుకున్నాడు. ఆ సన్యాసి మాట తప్పలేదు. వచ్చాడు, అన్నీ జరిపించాడు. పశ్చాత్తాప పత్రం మీద సంతకం అడగలేదు. తర్వాత పోపు పియస్ IX ఆ సన్యాసిని రోమ్‌కి పిలిపించి, తప్పు చేశానని రాసివ్వమన్నాడు. రాయనన్నాడు. మతవిధులు జరిపే హక్కు తీసేశారు.

బెజవాడ_బాబ్జీ:

ఈ సన్యాసి మీద ఇంకో థ్రెడ్ పెట్టండి సార్. గరిబాల్డీ మీద నేను పెడతాను.